చాడీల సున్నం

గోడకు మాట నేర్పినవాడిని నేను. రాళ్లబావి మునిసిపాలిటీలో ఎవరినడిగినా చెబుతారు. అడగకపోయినా నేను చెబుతాను. గోడలోపల వైరు కాలబోతుంటే నెల ముందే పైకి ఎర్రగా చెప్పేసే సున్నం ఒకటుంది. దాన్ని ఈ చేతులతో నేనే కనిపెట్టాను. చదివింది మా పల్లె బడిలో ఐదో తరగతి, అదీ రెండుసార్లు. పేరు వన్నూరప్ప. ముప్పై ఎనిమిదేళ్లు మునిసిపాలిటీలో సున్నాల మేస్త్రిగా చేశాను. మా నాయనదీ అదే పని. ఆయన సున్నం వేసిన గోడ మీద ఎండ పడితే, ఎదురింటి కోడి మిట్టమధ్యాహ్నం కూడా తెల్లారిందనుకుని కూసేదట. కోడిని నేను చూడలేదు, గోడను చూశాను.

ఆ సున్నం రాకముందు మా మునిసిపాలిటీ నిప్పుకు ఎలా కాపలా కాసేదో కాస్త చెప్పాలి. ప్రతి కట్టడంలోనూ మెట్ల దగ్గర నాలుగు ఎర్ర బకెట్లు, వాటి నిండా ఇసుక. ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలు వచ్చినప్పుడు వాటికి నేనే కొత్త రంగు వేసేవాణ్ణి. మిగతా పదకొండు నెలలూ వాటిలో బీడీలు ఆర్పేవారు. ఒక బకెట్టులో మిరపమొక్క మొలిచి, ఆఫీసు బంట్రోతు రెండేళ్లపాటు పచ్చిమిరపకాయల కోసం సంతకు పోలేదు. తనిఖీ రిజిస్టరు అని ఒకటుండేది. తనిఖీ చేయాల్సినవాళ్లు దాన్ని టీ అంగడికే తెప్పించుకుని ‘అన్నియు సక్రమముగా ఉన్నవి’ అని రాసి సంతకం పెట్టేవారు. ఆ రాత చేతికి ఎంత అలవాటైందంటే, కూరగాయల మార్కెట్టు కాలిపోయిన తరువాతి వారం కూడా ఆ మార్కెట్టు పేరుకు ఎదురుగా అదే రాశారు.

ఆ మంటలో కాపలాదారు మారెన్న పోయాడు. మార్కెట్టు గోడల్లో వైర్లు నాలుగైదు నెలలుగా లోలోపలే వేడెక్కుతున్నాయని, పైకి మాత్రం ఏ గుర్తూ లేదని తరువాత తేలింది. ఇక లాభం లేదని కౌన్సిల్లో తీర్మానం చేసి, మునిసిపాలిటీ కట్టడాలన్నింటి మీదా నిప్పు సంగతి చూసుకోవడానికి ఒక అధికారిని వేసుకున్నారు. ఆ ఉద్యోగంలో చేరింది మా అమ్మాయి గంగరత్న. రసాయనశాస్త్రం చదివింది. చేరిన రోజు సాయంత్రమే నన్ను అడిగింది.

“నాయనా, గోడలోపల ఏం జరుగుతాండాదో గోడ మీద కనపడే మార్గం లేదా?”

“లోపలిది బయట కనపడకూడదనే కదా పాపా మేం సున్నం వేసేది” అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆఫీసు వెనకాల పాడుబడిన పంపుహౌసు తాళం తీయించింది. అందులో మోకాలెత్తు గోడలు పన్నెండు కట్టించి, ఒక్కో గోడలో ఒక్కో వైరు పాతి, వాటి చివర ఇస్త్రీపెట్టెలు తగిలించి పొద్దస్తమానం నడిపేది. నేను వాటికి సున్నం వేసేవాణ్ణి. ఇస్త్రీపెట్టెలు ఊరికే కాలిపోవడం దేనికని నా పంచెలు, పక్కింటివాళ్ల పంచెలు, చివరకు మునిసిపాలిటీ జెండా కూడా ఇస్త్రీ చేశాను.

పెళ్లిలో పారాణి చూశారు కదా. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపును ఇప్పుడే పుట్టనివ్వకుండా ఆపి, వేడి తగిలినప్పుడే పుట్టించాలి. గంగరత్న ఆలోచన ఇంతే. పసుపు సారాన్ని చెనిక్కాయ, అంటే వేరుశనగ, పొట్టు బూడిదలోకి ఇంకించి, ఆ రేణువుల చుట్టూ పలచని జిగురు పొర కట్టి, తెల్ల సున్నంలో కలిపేది. వైరు రోజూ కొంచెం కొంచెం వేడెక్కుతుంటే ఆ పొర కొంచెం కొంచెం కరుగుతుంది. ఊరికే ఎండ తగిలితే కరగదు. మొదట కనకాంబరం రంగు వస్తే నెల గడువున్నట్టు. మందారం రంగుకు తిరిగితే వారం. నేరేడుపండు రంగు తేలిందంటే ఆ పూటే మెయిన్ దించాలి.

మొదట్లో ఈ సున్నాన్ని నేనే కనిపెట్టానన్నాను. అది కొంచెం సాగదీసిన మాట. కనిపెట్టింది మా గంగరత్న. నేను బకెట్టులో కర్ర తిప్పాను. ఇంకా నిజం కావాలంటే, ఆ కర్ర కూడా రెండు నెలలు మరీ గట్టిగా తిప్పి జిగురు పొరలన్నీ పగలగొట్టాను. పన్నెండు గోడలూ పెళ్లికూతురి పాదాల్లా ఎర్రబడి కూర్చున్నాయి. తప్పు ఎక్కడుందో తెలియక పాపం ఆ పిల్ల పుస్తకాలన్నీ తిరగేసింది. చివరకు ఒకరోజు నేను కలుపుతుండగా చూసి, కర్ర తీసుకుని పక్కన పెట్టి, నన్ను ఒక ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. ఆ తరువాత పదిహేను రోజులకే సున్నం పనిచేసింది. నేను పీట మీద కూర్చోవడం కూడా ఆ ప్రయోగంలో భాగమేనని నా అభిప్రాయం.

కౌన్సిల్ మీటింగులో చైర్మన్ తిప్పేస్వామి అంతా విని, “బాగుంది మేడం, క్వార్టర్లలో వేసి చూద్దాం” అన్నాడు.

“ముందు మీ గదికి వేద్దాం సార్” అంది గంగరత్న.

వేశాం. తొమ్మిదో రోజుకు ఆయన ఏసీ పక్కన గోడ మీద కనకాంబరం పూసింది. ఆయన దాని మీద దేవుడి క్యాలెండరు తగిలించాడు. పదో రోజు గంగరత్న వెళ్లి ఆ క్యాలెండరును పక్క మేకుకు మార్చింది. ఒప్పుకోవాలి, తిప్పేస్వామి మంచివాడు. తన గది వైర్లు మార్పించుకోవడమే కాదు, అదే వారం తీర్మానం పెట్టాడు. బడులు, ఆసుపత్రి, మార్కెట్టు, మూడు బ్లాకుల క్వార్టర్లు, అన్నింటికీ ఈ సున్నమే. నెలకోసారి కౌన్సిలర్లే స్వయంగా మెట్లెక్కి చూడాలి. చూసింది టీ అంగట్లో కాదు, ఆ మెట్ల దగ్గరే అందరి ముందూ చదవాలి. క్వార్టర్లవాళ్లు భయపడి ఒక మాట అడిగితే అదీ రాసుకున్నారు: నేరేడు రంగు కళ్లారా కనపడితే తప్ప, మూడింట రెండొంతుల ఇండ్లవాళ్లు చెయ్యెత్తకుండా ఏ బ్లాకునూ ఖాళీ చేయించకూడదు. చుట్టుపక్కల ఏ మునిసిపాలిటీలోనూ ఇలాంటి పద్ధతి లేదు. ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే ఆ సున్నానికి జనం పెట్టిన పేరు చాడీల సున్నం. ఎవరింట్లో ఎన్ని హీటర్లు నడుస్తున్నాయో, ఎవరు కరెంటు కొక్కేలు తగిలించారో అన్నీ చెప్పేసేది. సి బ్లాకులో మా పక్కింటి హనుమక్క ఒంటరి మనిషి. ఒకే ప్లగ్గుకు రెండు కరెంటు పొయ్యిలు తగిలించి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి అమ్ముకునేది. గోడ మందారమైంది. గంగరత్న వచ్చి పొయ్యిలు తీయించింది. హనుమక్క నా ముందుకు వచ్చి నిలబడింది.

“వన్నూరన్నా, మీ పాప నా పొయ్యి ఆర్పించింది. ఇంగ ఆ సున్నమే నాకు కూడు పెడుతుందేమో అడుగు.”

ఆ మాట నేను గంగరత్నకు చెప్పాను. ఆ రోజు గంగరత్న అన్నం కెలికి వదిలేసింది. “వైర్లను చూద్దామని చేస్తి నాయనా. ఇది ఇండ్లల్లోకి తొంగి చూస్తాండాది” అంది.

అసలు కథ ఆ ఎండాకాలంలో, ఆమె వారం రోజుల ట్రైనింగుకు కర్నూలు పోయినప్పుడు మొదలైంది.

సి బ్లాకులో ముప్పై ఆరు ఇండ్లు. దిగడానికి ఎక్కడానికి ఒకటే మెట్లదారి. మొదటి అంతస్తుకూ రెండో అంతస్తుకూ మధ్య మలుపులో ఉన్న గోడ మీద ఒక ఉదయం అరచేయంత ఎర్రమచ్చ తేలింది. ఆ ఎరుపు నడుమ ఎలా వచ్చాయో గానీ రెండు తెల్లచుక్కలు, కళ్లలాగా. పాలకని దిగుతున్న నా భార్య ఓబులమ్మ దాన్ని మొదట చూసింది. పాలగిన్నె కింద పెట్టి, దండం పెట్టి, ఇంట్లోకి వచ్చి కుంకుమభరిణె తీసుకుపోయింది. మధ్యాహ్నానికి ముప్పై ఆరిండ్ల ఆడవాళ్లూ బొట్లు పెట్టారు. మరుసటి రోజుకు నిమ్మకాయల దండ, వెండికళ్లు, ఆరకుండా ఒక దీపం. మూడో రోజు మెట్లన్నింటికీ సీరియల్ లైట్లు. వాటికి కరెంటు ఆ బ్లాకు మెయిన్ నుంచే లాగారు.

నేను సున్నాల మేస్త్రిని. నాకు తెలియదా అంటే, తెలుసు. ఆ మచ్చ ఏమిటో చూడగానే తెలుసు. ఓబులమ్మ నా వైపు ఒక చూపు చూసింది. నలభై ఏళ్ల కాపురంలో ఆ చూపుకు ఎదురు మాట్లాడటం నేను నేర్చుకోలేదు. పైగా ప్రసాదం చిత్రాన్నం. మూడు రోజులు తిని ఊరుకున్నాను. ఈ కథలో నేను గొప్ప చెప్పుకోలేని చోటు ఇది.

మచ్చ తేలిన నాలుగో రోజు గంగరత్న ట్రైనింగు ముగించుకుని, బ్యాగుతో మెట్లెక్కుతూ ఆ మలుపులో ఆగిపోయింది.

“ఎన్నాళ్లాయ నాయనా?”

“నాలుగు దినాలు.”

“మొదట కుంకుమ పెట్టిందెవరు?”

నేను చెప్పుల వంక చూసుకున్నాను. ఓబులమ్మ పైమెట్టు మీది నుంచి పలికింది. “నేనే పెట్టినా. ఏం, అమ్మ రావాలన్నా మీ కౌన్సిల్లో తీర్మానం చెయ్యాల్నా?”

“అమ్మా, దీని ఎనక ముప్పై ఆరిండ్ల మెయిన్ వైరుండాది.”

“ఉంటే ఉండనీ. వైరుండే తావుకు అమ్మ రాకూడదా?”

గంగరత్న కుంకుమ తుడవబోతే పదిమంది చేతులు అడ్డం వచ్చాయి. చిక్కంతా అక్కడే ఉంది. వేలు మందాన కుంకుమ కింద అసలు రంగు మందారమో నేరేడో చూసే దారి లేదు. దీపం సెగకు ఎంత ఎర్రబడిందో, వైరు వేడికి ఎంత ఎర్రబడిందో చెప్పే దారి కూడా లేదు. ఆమె కిందికి పోయి మెయిన్ దించింది. గంటలోపల ఎవరో మళ్లీ ఎత్తారు. అమ్మవారి లైట్లు ఆరిపోయాయట.

మరునాడు పొద్దున కౌన్సిల్ కూర్చుంది. తిప్పేస్వామికి చెమటలు పడుతున్నాయి. తానే అమ్మవారికి చీర పెట్టొచ్చిన రెండోరోజే గోడ పగలగొట్టమంటే ఎవరికైనా పడతాయి.

“అది దీపం వేడికే ఎర్రగైందేమో మేడం?”

“అయిండచ్చు సార్. నాకు తెలీదు.”

“తెలీదని నువ్వే అంటాండావు.”

“తెలీదు కాబట్టే తెరిచి చూడాల. తెరవాలంటే మెట్లు మూయాల, జనం ఒక పగలంతా బయట ఉండాల. ఆ వైరు బాగుంటే నేను ఉద్యోగం వదిలేస్తా. బ్లాకుల్లో ఆ సున్నం నేనే గీకేస్తా.”

తిప్పేస్వామి తీర్మానాల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. “ఆ రూలు మనమే రాసుకుంటిమి. ఇరవై నాలుగు చేతులు లేస్తే మొదటి పలుగుపోటు నేనే వేస్తా. లేవకుంటే నేను బలవంతం చేయలేను. ఒకసారి చేసినామంటే రేపట్నుంచి ఏ ఇంటివాళ్లూ మనల్ని గడప తొక్కనియ్యరు.”

అదే రోజు నాలుగింటికి సి బ్లాకు ముందర షామియానా కింద అందరూ చేరారు. గంగరత్న ఉన్నదున్నట్టు చెప్పింది. చేతులు ఎత్తమంటే పదకొండు లేచాయి. అందులో రెండు నావే, ఒకటి దింపమన్నారు.

హనుమక్క లేచి నిలబడింది. “నా పొయ్యి ఆర్పించిన పొద్దు చెయ్యెత్తమని నన్నెవరడిగినారు?”

గంగరత్న ఆమె వైపు తిరిగింది.

“అడగల్యా అక్కా. ఆర్పేటప్పుడు ఇంగొక తావు చూపీకుండా ఆర్పినా. నాది తప్పే.”

హనుమక్క ఆ జవాబు ఊహించలేదు. కొంగు సర్దుకుని కూర్చుంది. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

గంగరత్న ఇంకేమీ వాదించలేదు. మెట్ల కింద ఉన్న ఎర్ర బకెట్టు ఒకటి ఎత్తుకుంది. ఇసుక నిండా ఉంది, నడుం వంగిపోయింది. దాన్ని మోసుకుంటూ ఆ మలుపు దాకా ఎక్కి, మచ్చ కింద మెట్టు మీద కూర్చుంది. అందరికీ కనపడుతూనే ఉంది.

“ఆడ ఏం చేస్తాండావు?” అని ఓబులమ్మ కేకేసింది.

“మీరు ఇండ్లు వదలరు కదమ్మా. నేను ఈడనే ఉంటా. అంటుకుంటే మొదట నాకు తెలియాల కదా.”

ఓబులమ్మ కూతురి వంక, గోడ వంక మార్చి మార్చి చూసింది. ఆమె పెదవులు కదలడం చూశాను, మాట మాత్రం వినపడలేదు. తరువాత షామియానా మధ్యలోకి వచ్చి నిలబడింది.

“అమ్మ వచ్చింది. అందులో నాకు అనుమానం లేదు. వచ్చి ఏం చెప్తాందని మనలో ఒక్కరన్నా అడిగినామా? చిత్రాన్నం పెడితిమి, లైట్లేస్తిమి. మొగం అంత ఎర్రగా పెట్టుకుని వచ్చిన ఆడమనిషి సంతోషంగా వచ్చుంటాదా?”

ఓబులమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

“మా అవ్వోళ్ల ఊర్లో ఏటికొక దినం అగ్గిపాడు చేస్తాండిరి. ఆ పొద్దు ఊర్లో పొయ్యి రాజేసేది లేదు, దీపం పెట్టేది లేదు. గొడ్డూ గోదా, ముసలీ ముతకా అందరూ ఇండ్లకు తాళమేసి పొద్దుగూకే దాకా ఊరి బయటే. మనం కూడా రేపు అదే చేద్దాం. నా కూతురు వైరంటాది, నేను అమ్మంటాండా. ఎవరు చెప్పినా బయటికి పొమ్మనే కదా చెప్తాండారు.”

మొదటి చెయ్యి హనుమక్కది. “నా పొయ్యి ఎట్లా ఆరిపోయే ఉండాది. నాకేం కష్టం” అంది. నవ్వులు లేచాయి, వాటి వెనకే చేతులు లేచాయి. తిప్పేస్వామి వేలు చూపిస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు. ముప్పై మూడు. మిగిలిన మూడిండ్లవాళ్లు పెళ్లికి పోయి ఊళ్లో లేరు.

తెల్లారేసరికి సి బ్లాకు నడిచి బయటికి వచ్చింది. చాపలు, బిందెలు, రెండు మేకలు, ఒక చిలక, మంచంతో సహా ఒక తొంభై ఏళ్ల అవ్వ. అందరూ మునిసిపల్ హైస్కూలు ఆటస్థలానికి. ముందురోజు చేసి పెట్టుకున్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటగట్టుకున్నారు. కౌన్సిలర్లు ఒక్కో ఇంటి తలుపూ తట్టి, లోపల ఎవరూ లేరని చూసి, తాళం పడ్డాక రిజిస్టరులో ఇంటి నంబరు రాసి మెట్ల దగ్గర పైకి చదివారు. ముప్పై ఆరు నంబర్లూ చదవడం నేను విన్నాను. మా మునిసిపాలిటీలో అంత మంచి పాట నేనెప్పుడూ వినలేదు.

చివరగా దిగింది ఓబులమ్మ. దిగేముందు దీపం కొండెక్కించింది. వెండికళ్లు తీసి కొంగున కట్టుకుంది. తడిగుడ్డతో ఆ కుంకుమనంతా మెల్లగా, బిడ్డ ముఖం కడిగినట్టు తుడిచి, ఒక ఇత్తడి చెంబులోకి పిండింది. కుంకుమ పోయిన చోట గోడ నేరేడుపండులా నల్లగా మిగిలింది. గంగరత్న తల్లి భుజం పట్టుకుని కిందికి దింపింది. ఓబులమ్మ చెంబు నెత్తిన పెట్టుకుని ఆటస్థలం దాకా వంచకుండా నడిచింది.

అప్పుడు మెయిన్ దించి, తిప్పేస్వామి పలుగు అందుకున్నాడు. మొదటి పోటు వేశాడో లేదో, గోడలోంచి మంట భగ్గున లేచింది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషిలా రెండంతస్తుల ఎత్తు లేచి, సీరియల్ లైట్లన్నింటినీ చెనిక్కాయల్లా పటపటా పేల్చి, మెట్లన్నీ తడుముకుంటూ పైదాకా పోయింది. అక్కడ అందడానికి మనిషి లేడు. గంగరత్న బకెట్టెత్తి ఇసుక పోసింది, నేనూ పోశాను. ఆ మంట అణిగిపోయాక చూస్తే చైర్మన్‌గారి మీసం ఎడమవైపు సగం లేదు.

ఇదీ నేను పదకొండేళ్లుగా చెబుతున్న కథ. మెయిన్ దించేశాక మంట ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా అని కరెంటు పని తెలిసినవాళ్లు ఈపాటికి నన్ను నిలదీయాలని చూస్తుంటారు. వాళ్లు అడిగేలోపు నేనే చెప్పేస్తాను. మంట రాలేదు. తిప్పేస్వామి మీసానికి ఏమీ కాలేదు. ఇప్పటికీ దానికి రంగు వేసుకుంటున్నాడు. మిగతాదంతా జరిగిందే, అగ్గిపాడుతో సహా. మంట ఒక్కటే కథలో నేను వేశాను.

అసలు జరిగింది ఇది. నాలుగు ఇటుకలు తీస్తే జానెడు పొడుగు వైరు బయటపడింది. గంగరత్న రెండువేళ్లతో పట్టుకుంటే పైతొడుగంతా కాల్చిన వంకాయ తొక్కలా ఊడి, పొడిపొడిగా రాలింది. లోపలి రాగితీగలు ఒకదానికొకటి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. తిప్పేస్వామి ఆ ముక్కను చేతిలో పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. సాయంత్రానికి కొత్త వైరు వేశారు. నేను పైన సున్నం వేశాను. హనుమక్కలాంటి వాళ్లు వండుకోవడానికి ఆవరణలో విడిగా ఒక షెడ్డు, దానికి విడిగా ఒక లైను అని అక్కడే, ఆ మెట్ల మీదే తీర్మానం రాసుకున్నారు. పొద్దుగూకాక ముప్పై మూడిండ్లవాళ్లూ తాళాలు తీసుకుని, పొయ్యిలు రాజేసుకుని, వంటలు చేసుకుని, తిని పడుకున్నారు.

ఏమీ జరగలేదు. పొయ్యేవాళ్లు ఎవరూ పోలేదు, కాలేది ఏదీ కాలలేదు. కానీ ఏమీ జరగలేదని చెబితే ఎవరు కూర్చుని వింటారు?